కుటుంబం గడి

జూన్ 16

తమ్ముడూ,

మేమిద్దరం బాగున్నాం. నువ్వెలా ఉన్నావని అడగను. జ్వరంతో మూలుగుతున్నా బాగున్నాననే రాసే మనిషివి నువ్వు. ఆదివారం ఫోను చేస్తే మూడు నిమిషాలూ ఆ, ఊ అనడంతోనే సరిపెడతావు. అందుకే కాగితం తీశాను. కాగితం మీదైతే నా మాటకి అడ్డు రావడం నీ వల్ల కాదు.

నీ కూతురు ఏడో తరగతిలోకి వచ్చింది. ఇకమీదట తనని బుడంకాయ అని పిలవకూడదని, ఇది మిడిల్ స్కూలని గట్టిగా చెప్పింది. సరేనన్నాను. అన్న రెండు నిమిషాలకే, బుడంకాయా పాలు చల్లారిపోతున్నాయని వీధి చివరికి వినబడేలా కేకేశాను. ఆ పాలు ముట్టుకోకుండా సంచి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఈ ఏడు స్కూలుకి కొత్త హెడ్‌మిస్ట్రెస్ వచ్చారు. వస్తూనే రూల్సు పుస్తకం అచ్చు వేయించారు. ఇరవై రెండు పేజీలు. గేటు ఎనిమిదిన్నరకి మూసేస్తారు. మూడుసార్లు ఆలస్యమైతే ఒక పూట గైర్హాజరు. ఒంట్లో బాగోలేక మానేస్తే రెండు రోజుల్లోపు చీటీ. గోళ్ళకి, జుట్టుకి, బూట్లకి, నీళ్ళసీసాకి, అన్నిటికీ రూలే. తుమ్మడానికి మాత్రం ఇంకా ఏమీ రాయలేదు.

అసలు వింత ఏమిటంటే, ఇంట్లోవాళ్ళకి కూడా హాజరు పెట్టారు. ఏడాదికి ఆరు మీటింగులు, రెండో శనివారం. పిల్ల పక్కన ఇంటిమనిషి కూర్చోవాలి. రిజిస్టర్లో పిల్ల పేరు ఎదురుగా కుటుంబం అని ఒక గడి ఉంటుంది, అందులో సంతకం పెట్టాలి. ఆరింటిలో నాలుగైనా రాకపోతే పిల్ల పేరు ఎనిమిదో తరగతి లిస్టులోకి ఎక్కదు.

మొన్న శనివారం మొదటిది అయింది. క్లాసు టీచరు సన్నగా, పొడుగ్గా, మెత్తగా మాట్లాడే మనిషి. మీ అమ్మాయి లెక్కల్లో చురుకు, చేతిరాత మాత్రం కోడి కెలికినట్టుంది అన్నారావిడ. అది వాళ్ళ నాన్న పోలికండీ అన్నాను. పక్కన కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. టీ ఇచ్చారు గానీ చల్లారిపోయింది.

షాపులో తల ఎత్తే తీరిక లేదు. బళ్ళు తెరిచిన నెల కదా. పిల్ల పెరుగుతుందని ప్రతి తల్లీ గౌను అంచు జానెడు మడిచి కుట్టమంటుంది. మడతల బరువుకి పిల్లలు నడవలేకపోతున్నారు.

ఉంటాను. వేళకి తిను.
అక్క


జులై 9

అక్కకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. లెక్కల్లో చురుకు అన్న ముక్క మా గదిలో ఉన్న ఏడుగురికీ చదివి వినిపించాను. ఎనిమిదోవాణ్ణి నేనే. కింది మంచం గురకరాయుణ్ణి లేపి మరీ వినిపించాను. వాడు మంచిదే అని అటు తిరిగి పడుకున్నాడు.

రూల్సు పుస్తకం చూసి నువ్వు నవ్వుతున్నావు గానీ నాకు ఆ హెడ్‌మిస్ట్రెస్ నచ్చారు. నేను రోజూ ఈ రేవులో నిచ్చెన మీద నలభై మీటర్లు ఎక్కి క్రేను కేబిన్లో కూర్చుంటాను. కింద సిగ్నల్ ఇచ్చేవాడు చెయ్యి ఎత్తితేనే బరువు ఎత్తుతాను. వాడు చెయ్యి దించకుండా నేను దించను. ఆ ఒక్క రూలు మీద కింద తిరిగే యాభైమంది ప్రాణాలు ఉన్నాయి. బడి కూడా అంతే. హాజరు దగ్గర ఒకరోజు పోతే పోయిందిలే అనుకుంటే ఇక అంతా పోతుంది.

వాళ్ళమ్మ పోయినప్పుడు పిల్లకి నాలుగేళ్ళు. నేనింత దూరం వచ్చి గాలిలో వేలాడుతున్నది ఆ పిల్ల బడికి ఒక్కరోజు కూడా దూరం కాకూడదనే. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను, నీది కూడా.

ఏడో తరగతిలోనే పుస్తకాలకి దండం పెట్టేసినదానివి, ఇప్పుడు అదే స్కూల్లో మీటింగులో కూర్చుని టీ తాగుతున్నావంటే నవ్వొచ్చింది. నీ బద్ధకం మాత్రం మేనకోడలికి అంటనివ్వకు. రూల్సు పుస్తకం కాపీ ఒకటి పంపు. ఆ టీచరుగారికి ఒక ముక్క కృతజ్ఞతగా రాద్దామనుకుంటున్నాను.

నీ తమ్ముడు


సెప్టెంబరు 15

తమ్ముడూ,

పుస్తకం కాపీ ఇందులో పెట్టాను. రాత్రిళ్ళు నిద్రపట్టకపోతే చదువుకో, రెండో పేజీకే పడుతుంది.

ఆగస్టు మీటింగూ, మొన్నటి మీటింగూ రెండూ అయ్యాయి. చేతిరాత కొంచెం దారిలో పడిందన్నారు టీచరు. ఆవిడకి పాపం ఒకటే దగ్గు. నా సంచిలో ఉన్న దగ్గుబిళ్ళ ఇస్తే, మీలాంటి ఇంటిమనిషి ఉండటం పిల్ల అదృష్టం అన్నారు. నీ క్రేను సంగతి చెప్పాను. అంత ఎత్తునా అని కళ్ళు ఇంత చేసుకుని విన్నారు. నువ్వు మాత్రం ఉత్తరాలూ గిత్తరాలూ రాసి ఆవిణ్ణి ఇబ్బంది పెట్టకు. నలభైమంది పిల్లలున్నారు, అందరి నాన్నలూ రాయడం మొదలుపెడితే ఆవిడ గతేం కావాలి.

పిల్ల తనంతట ఒక్కరోజు మానలేదు. పోయిన వారం ఒళ్ళు వెచ్చగా ఉంటే ఉండిపొమ్మన్నాను. వినలేదు. గేటు దగ్గర నర్సు చెయ్యి పట్టి చూసి ఇంటికి పంపేసింది. దానికి చీటీ నేనే రాశాను, మర్నాడే ఇచ్చింది. శనివారాలు మాత్రం కాస్త ముభావంగా ఉంటోంది. వయసు అలాంటిది.

షాపులో ఓనరు కొత్త మిషను కొన్నాడు. కాజాలు దానంతటదే వేస్తుందట. వేస్తుంది, నిజమే. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మళ్ళీ విప్పి చేత్తో వేస్తున్నాను.

అక్క


అక్టోబరు 8

అక్కా,

ఈసారి క్షేమసమాచారాలు లేవు.

నువ్వు వద్దన్నా టీచరుగారికి ఉత్తరం రాశాను. అమ్మా అని మొదలుపెట్టి, మా బిడ్డ గురించి మూడు మీటింగుల్లో మీరు చెప్పిన మంచి మాటలకి కృతజ్ఞుణ్ణి, మీ దగ్గు తగ్గిందని తలుస్తాను, వేడినీళ్ళలో తేనె కలిపి తాగండి అని రాశాను. నిన్న జవాబు వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "అయ్యా, నేను మగవాణ్ణి. నాకు దగ్గు లేదు. మీ ఇంటి నుంచి మూడు మీటింగులకీ ఎవరూ రాలేదు. మీ అమ్మాయి మూడుసార్లూ ఖాళీ కుర్చీ పక్కన కూర్చుంది. కుటుంబం గడి ఖాళీగా ఉంది. ఈ సంగతి మీకు తెలియదని ఇప్పుడు అర్థమైంది."

అరికాలి మంట నెత్తికెక్కింది. సన్నగా పొడుగ్గా ఉన్న టీచరు, చల్లారిన టీ, దగ్గుబిళ్ళ, అన్నీ ఇంట్లో కూర్చుని అల్లావు. నేనేమో అది గదిలో అందరికీ చదివి వినిపించాను.

పుస్తకం పందొమ్మిదో రూలు నాకిప్పుడు కంఠతా వచ్చు. ఆరింటిలో మూడు పోయాయి. మిగిలినవి మూడు. కావలసినవి నాలుగు. ఇకనుంచి అన్నిటికీ వెళ్ళినా సరిపోదు. ఒక్కరోజు కూడా మానని పిల్ల పేరు, ఇంటిమనిషి రాలేదని లిస్టులోంచి పోతుంది. ఇది న్యాయమేనా అక్కా. స్కూలు నీ షాపు నుంచి పది నిమిషాల నడక.

నీకు పిల్ల బరువైందేమో. ఒంటికాయ శొంఠికొమ్ములా ఉండేదానివి, నీ నెత్తిన పెట్టి వచ్చాను. బరువైతే నోరు తెరిచి చెప్పు. ఇక్కడ రేవు కార్మికుల పిల్లలకి హాస్టలు స్కూలు ఉంది. రేపే కనుక్కుంటాను. పిల్ల చదువు ఆగదు. ఆగనివ్వను.

తమ్ముడు


అక్టోబరు 19

తమ్ముడూ,

అబద్ధాలు రాశాను. ఒప్పుకుంటున్నాను. మిగతాదంతా నీ ఊహ.

పిల్ల బరువైందని ఇంకోసారి రాస్తే నీ ఉత్తరాలు చదవను. ఎనిమిదేళ్ళుగా ఆ పిల్ల జడ వేసే చేతులు నావి. బరువేదో తేలికేదో నాకు తెలుసు.

ఎందుకు వెళ్ళలేదో ఇప్పుడు చెప్పను. ఈ చిక్కు నేను వేసింది, నేనే విప్పుతాను. హాస్టలు మాట ఎత్తకు.

అక్క


నవంబరు 1

అక్కకి,

నువ్వు చెప్పవు. చెప్పకపోతే నాకు తోచింది నేను చేస్తాను. పిల్లని ఫోన్లో అడిగాను. అత్తనేమీ అనొద్దు నాన్నా అని ఫోను పెట్టేసింది. పన్నెండేళ్ళ పిల్ల నీ తప్పు కప్పిపుచ్చుతోంది. అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

టీచరుగారు మళ్ళీ రాశారు. తప్పిన మీటింగులకి బదులు ఏదో ఏర్పాటు ఆఫీసు పుస్తకంలో ఉందట, మనకిచ్చిన కాపీలో లేదు, ఇంటివాళ్ళు వచ్చి హెడ్‌మిస్ట్రెస్‌తో మాట్లాడాలట. మూడుసార్లు గడప తొక్కని దానివి ఇప్పుడు తొక్కుతావని నమ్మకం లేదు. హాస్టలు ఫారం ఇందులో పంపుతున్నాను. ప్రస్తుత సంరక్షకురాలు అన్నచోట సంతకం పెట్టి పంపు. జనవరిలో నాలుగు రోజులు వచ్చి పిల్లని తీసుకెళ్తాను.

నీకు షాపు ముఖ్యమనుకుంటా. ఏడో తరగతిలోనే బడి మానేసిన మనిషికి బడి విలువ ఏం తెలుస్తుందిలే అని గురకరాయుడు అన్నాడు. వాడి మీద కోప్పడ్డాను. కానీ నాకూ అలాగే అనిపించింది. దాచుకోవడం నాకు చేతకాదు, రాసేశాను.

తమ్ముడు


నవంబరు 15

తమ్ముడూ,

ఫారం చింపేశాను. ముక్కలు సుద్దముక్కల డబ్బాలో వేశాను, గుర్తుకోసం. ఇక కూర్చుని చదువు, నిచ్చెన ఎక్కేముందు చదవకు.

నేను బడి మానెయ్యలేదు. నన్ను తీసేశారు.

నువ్వు పుట్టినప్పుడు పిల్లిపిల్లంత ఉన్నావు. ఊపిరితిత్తులు గట్టిపడలేదన్నారు. పడుకోబెడితే ఊపిరాడక నీలంగా అయిపోయేవాడివి. ఎవరో ఒకరు భుజాన వేసుకుని నిలబెట్టి ఉంచాలి, పొద్దంతా. నాన్న అప్పటికే లేడు. అమ్మ దారం మిల్లుకి వెళ్ళకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. నాకు పన్నెండేళ్ళు. నిన్ను భుజాన వేసుకుని ఈ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగాను. అరవై ఒక్క రోజులు. లెక్క ఎలా తెలుసంటే, హెడ్‌మాస్టరు నిలబెట్టి చదివాడు.

నువ్వు కాస్త కోలుకున్నాక, ఇక వెళ్ళొచ్చని జడ వేసుకుని సంతోషంగా వెళ్ళాను. హాజరు పిలుస్తున్నారు. నా పేరు రాలేదు. చెయ్యి ఎత్తాను. హెడ్‌మాస్టర్ని పిలిచారు. ఇన్ని రోజులు ఎక్కడున్నావని అందరి ముందూ అడిగాడు. తమ్ముణ్ణి ఎత్తుకున్నానని చెప్పడానికి సిగ్గేసింది, కుక్కిన పేనులా నిలబడ్డాను. రూలు ప్రకారం నీ పేరు లేదు, సంచి తీసుకుని వెళ్ళిపో అన్నాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. గేటు తియ్యలేదు. వారం రోజులు యూనిఫారం వేసుకుని వెళ్ళి గేటు బయట నిలబడ్డాను.

అమ్మకి మాత్రం నేనే మానేశానని చెప్పాను. చదువంటే బద్ధకం అన్నాను. తీసేశారంటే తన మిల్లు వల్లనే అని కుమిలిపోయేది. నిన్ను చూసినప్పుడల్లా అదే గుర్తొచ్చేది. మానేశానంటే అందరూ నాలుగు తిట్టి ఊరుకున్నారు. నువ్వు పెద్దయ్యాక నీకూ అదే కథ అందింది. ఏడో తరగతి ఏడో తరగతి అని నువ్వు నవ్వినప్పుడల్లా నేనూ నవ్వేదాన్ని. చెప్పి నీ మీద వెయ్యడం ఎందుకనుకున్నాను. నీ తప్పేముంది, నీకు ఊపిరాడలేదు.

మూడు శనివారాలూ ఇస్త్రీ బట్టలు కట్టుకుని గేటు దాకా వెళ్ళాను. నలభై ఎనిమిదేళ్ళ మనిషిని, గేటు చూసి వెనక్కి తిరిగొచ్చాను. వచ్చి నీకు కథలు రాశాను. ఆ కథల్లో ఉన్న మనిషిలా ఉండాలని నాకూ ఉండేది.

నీ ఫారం చూసింది పిల్ల. మిషను పక్కన కూర్చుని, "అత్తా, నువ్వు రాకపోయినా పర్లేదు. ఆ కుర్చీలో నా సంచి పెట్టుకుంటాను. నేను పైనించి చూస్తూనే ఉన్నాను, నువ్వు మూడుసార్లూ వచ్చావు" అంది. కిటికీలోంచి చూసిందట. నేను వెనక్కి తిరగడం కూడా చూసింది. చూసి ఎవరికీ చెప్పలేదు.

అప్పుడింక సిగ్గూ లేదు, భయమూ లేదు. మొన్న శనివారం పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళాను. గేటు దగ్గర వెనక్కి చూడకుండా నడిచాను. టీచరు నిజంగానే మగమనిషి, గుబురుమీసాలు. సంతకం పెట్టాను. తర్వాత హెడ్‌మిస్ట్రెస్ గదికి వెళ్ళి, తప్పు నాది, పిల్లని ఆపొద్దు అన్నాను. ఆవిడ ఆఫీసు పుస్తకం తీసి చూపించారు. తప్పిన ప్రతి మీటింగుకీ ఇంటిమనిషి నాలుగు రోజులు పిల్ల తరగతిలో, మొదటి గంట నుంచి చివరి గంట దాకా కూర్చోవాలి. మూడు నాలుగ్లు పన్నెండు. ఇది శిక్షా అని అడిగాను. కాదు, రూలు అన్నారు. డిసెంబరు మొదటి సోమవారం నుంచి కూర్చుంటున్నాను. షాపు ఓనరు నీళ్ళు నమిలాడు. కాజాలు నీ కొత్త మిషను వేసుకుంటుందిలే అన్నాను. ఒప్పుకున్నాడు.

నువ్వు రాసిన మాటలకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇప్పుడు రెండూ లేవు.

అక్క


నవంబరు 28

అక్కా,

నువ్వు చదవొద్దన్నచోటే చదివాను, కేబిన్లో. కింద సిగ్నల్ ఇచ్చేవాడు చెయ్యి ఎత్తాడట. నేను చూడలేదు. ఏడేళ్ళలో ఇదే మొదటిసారి. నాకు ఒంట్లో బాగోలేదనుకుని ఫోర్‌మన్‌ని పైకి పంపారు. ఆయన వచ్చేసరికి నేను ఏడుస్తున్నాను. అంత ఎత్తులో ఏడిస్తే ఎవరికీ కనబడదనుకున్నాను.

నా పెళ్ళిలో అందరి ముందూ మా అక్క వేలిముద్రకి ఒక మెట్టు పైన అన్నాను. నువ్వు పగలబడి నవ్వావు. ఆ నవ్వు ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. నన్ను క్షమించు. ఇంకెలా రాయాలో తెలియడం లేదు. నీ అరవై ఒక్క రోజులు నేను పీల్చిన ఊపిరి. రూలు రూలని నీకే పాఠం చెప్పాను.

ఇప్పుడు నా మాట ఒక్కటి విను. నువ్వు ఆ గదిలో కూర్చోవద్దు. పన్నెండు రోజుల సెలవుకి అర్జీ పెట్టాను. రెండేళ్ళ సెలవులు మిగిలి ఉన్నాయి, ఇస్తారు. నేనొచ్చి కూర్చుంటాను. తండ్రిని, ఆ బెంచీ నాది. నిన్ను తీసేసిన గదిలో మళ్ళీ నిన్ను కూర్చోబెట్టి నేనిక్కడ ఉండలేను. పట్టు పట్టకు.

నీ తమ్ముడు


జనవరి 20

తమ్ముడూ,

నీ ఉత్తరం అందేసరికి నాలుగు రోజులు కూర్చుని ఉన్నాను. అందుకే సెలవు వాడొద్దని ఫోన్లో చెప్పాను. ఎందుకో చెప్పడానికి మూడు నిమిషాలు సరిపోవు. ఇప్పుడు వివరంగా విను, ఈసారి ఒక్క ముక్కా కల్పితం కాదు. కావలిస్తే మీసాలాయనకి రాసి కనుక్కో.

మొదటిరోజు బెంచీకీ బల్లకీ మధ్య నేను ఇరుక్కుపోయాను. ఇద్దరు పిల్లలు బల్ల లాగితే గానీ కూర్చోలేకపోయాను. నీ కూతురు నాకు రెండు బెంచీల దూరంలో కూర్చుని, నేనెవరో తెలియనట్టు కిటికీలోంచి బయటికి చూసింది. నాకు కష్టం అనిపించలేదు. ఆ వయసులో నేనైతే ఊరు వదిలి పారిపోయేదాన్ని.

మూడోరోజు ఇంటర్వెల్లో ఒక కుర్రాడి ప్యాంటు జిప్పు ఊడింది. పాపం గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. సంచిలో సూదీ దారం ఉన్నాయి, రెండు నిమిషాల్లో కుట్టాను. మర్నాడు ఆరుగురు వరస కట్టారు. స్కూలు ఆవరణలో కుట్టుపని కూడదని టీచరు గట్టిగా చెప్పారు. అది పుస్తకంలో ఎక్కడుందండీ అని అడిగాను. ఆయన పుస్తకం మొత్తం తిరగేశారు. లేదు. అప్పటినుంచి మా ఇద్దరికీ స్నేహం.

లెక్కల్లో శాతాలు చెబుతున్నారు. ముప్పై ఏళ్ళుగా గుడ్డ కొలుస్తున్నదాన్ని, ఆయన బోర్డు మీద రాయడం పూర్తికాకముందే జవాబు చెప్పేశాను. "జవాబు సరే, దారి ఏదండీ, దారి రాస్తేనే మార్కులు" అన్నారు. రాయలేకపోయాను. చేతిలో ఉన్నది కాగితం మీదికి రాలేదు. అప్పుడు నీ కూతురు లేచి, సంచి తీసుకుని, వచ్చి నా పక్కన కూర్చుంది. అది అలా కాదు అత్తా, అని నా నోటుబుక్కులో మొదటి వరస తను రాసింది. రెండోది నేను రాశాను. ఆ రోజు నుంచి పక్కనే కూర్చుంటోంది.

సెలవుల ముందు పన్నెండో రోజు అయింది. హెడ్‌మిస్ట్రెస్ నా ఎదుటే పిల్ల పేరు ఎనిమిదో తరగతి లిస్టులో ఎక్కించి, మీ రోజులు అయిపోయాయి, చాలా మంచిది అని కాగితం చేతికిచ్చారు. కాగితం తీసుకున్నాను. లేవలేదు.

ఇంకా ఏమైనా ఉందా అన్నారు. "ఆ పన్నెండూ పిల్లవండీ. నావి వేరే అరవై ఒకటి ఉన్నాయి" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. చెప్పాను. హెడ్‌మాస్టరు నిలబెట్టిన గది వేలెత్తి చూపించాను, ఇప్పుడది స్టోరు రూము. ఆవిడ పెన్నుకి మూత పెట్టారు. మీ వయసువాళ్ళని తీసుకునే రూలు మా దగ్గర లేదన్నారు. తీసుకోకూడదనే రూలు కూడా లేదండీ, ఇరవై రెండు పేజీలూ మా తమ్ముడికి కంఠతా వచ్చు అన్నాను. పైవాళ్ళని అడిగి చెబుతానన్నారు. సెలవులయ్యాక రెండుసార్లు వెళ్ళి అడిగాను. నా సంగతి తెలుసుగా, ఉడుంపట్టు. మొన్న సోమవారం పిలిచారు. అరవై ఒక్క రోజులూ క్లాసులో కూర్చోవచ్చు, ఏడాది చివర ఏడో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయొచ్చు. కానీ రిజిస్టర్లో పేరుంటే రూల్సన్నీ వర్తిస్తాయి, వయసు చూసి సడలించను అన్నారు. సడలించొద్దనే నేనూ కోరుకుంటున్నాను అన్నాను.

షాపు ఓనరుతో మాట్లాడుకున్నాను. సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా, ఆదివారాలు పూర్తిగా. ఈ వయసులో నీకిదేం పిచ్చి అన్నాడు. ఈ వయసులో కాకపోతే ఇంకెప్పుడు అన్నాను. గోడ మీది క్యాలెండర్లో వేళలు రాసుకున్నాడు.

నిన్న పొద్దున మీసాలాయన రిజిస్టరు తెరిచి, నలభై ఒకటో నంబరు ఎదురుగా నా పేరు రాశారు, పేర్లు కొట్టేసే ఎర్రసిరా కాదు, నల్లసిరాతో. తర్వాత పక్క గడి దగ్గర పెన్ను ఆపి, కుటుంబం నుంచి ఎవరండీ, అని అడిగారు. నీ కూతురు చెయ్యి ఎత్తింది. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళు చెల్లరన్నారు. క్లాసంతా నా వైపు చూసింది.

నీ పేరు చెప్పాను.

కాబట్టి ఆ పన్నెండు రోజుల సెలవు ఇప్పుడు వాడు. మార్చి రెండో శనివారం పొద్దున తొమ్మిదింటికి ఏడాది ఆఖరి మీటింగు. నేను మధ్యలో చేరాను కాబట్టి నాకు ఆ ఒక్కటే లెక్కలోకి వస్తుందట. అది తప్పితే నా పేరు పరీక్ష లిస్టులో ఎక్కదు. ఎనిమిదిన్నర దాటితే గేటు వేసేస్తారు, ముందురోజే బయల్దేరు. రాలేకపోతే రెండు రోజుల్లోపు చీటీ రాయాలి, చీటీ ఇంటిపెద్ద ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఇంట్లో పెద్దదాన్ని నేనే. పెట్టను.

అక్క
ఏడో తరగతి, నంబరు 41